జోడ్ ఎక్కడుంది? ఒకే కీబోర్డు మీద పలు ఆవాజ్‌ల తారీఖ్

పెద్దకొడప్‌గల్‌లో మా మామూజాన్ ఇంట్లో అల్మారీ మీద ఒక మూట ఉంటుంది. పాత పచ్చ చాదర్‌లో చుట్టిన హార్మోనియం పెట్టె అది. ఒక జమానాలో ఆ పెట్టె ఇంట్లో నిలిచేదే కాదు. పిట్లం, బిచ్కుంద, మద్నూర్, అటు దెగ్లూర్ దాకా ఎక్కడ ఉర్స్ జరిగినా, ఎక్కడ ఖవ్వాలీ మెహఫిల్ పెట్టినా మామూజాన్ దాన్ని భుజానికెత్తుకుని బయలుదేరేవారు. కొన్నేండ్ల కింద ఆయనకు ఫాలిజ్ కొట్టింది. అల్లా మెహర్బానీతో మాట తిరిగొచ్చింది, నడక తిరిగొచ్చింది, కుడి చెయ్యి బాగానే ఉంది. ఎడమ చెయ్యి మాత్రం రాలేదు.

"కుడి చెయ్యి ఉంది కదా, సుర్ పలికించేది దానితోనే కదా" అని తెలియనివాళ్లు అంటారు. హార్మోనియానికి ఎడమ చెయ్యే ఊపిరి. అది వెనక తిత్తి ఊదితేనే కుడి చేతి వేళ్లకు ఆవాజ్ పుడుతుంది. ఊపిరి లేని ఒంటికి ఎన్ని వేళ్లుంటే ఏం లాభం? మామూజాన్ పెట్టెను చాదర్‌లో చుట్టి పైన పెట్టేశారు. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

పోయిన చలికాలం నేను వెళ్లినప్పుడు హైదరాబాద్‌లో చదువుకుంటున్న ఆయన పోతా కూడా సెలవులకు వచ్చి ఉన్నాడు. వాడి దగ్గర ఒక లాప్‌టాప్, నాలుగు సప్తకాల చిన్న కీబోర్డు ఉన్నాయి. ఆ కీబోర్డులో సొంత ఆవాజ్ ఏమీ లేదు. మెట్టు నొక్కితే 'ఫలానా మెట్టు, ఇంత జోరుగా' అని లాప్‌టాప్‌కు ఖబర్ పంపుతుంది, అంతే. పియానో ఆవాజ్ లాప్‌టాప్‌లోని సాఫ్ట్‌వేర్ నుంచి వస్తుంది. వీటినే వర్చువల్ పియానోలు అంటారు.

పిల్లగాడు ఒక పియానోతో సంతృప్తి పడలేదు. ఒకదాంట్లో కింది సుర్లు గంభీరంగా ఉన్నాయి గానీ పైవి బోడిగా ఉన్నాయట. ఇంకోదాంట్లో పైవి బిందెలో నీటి చుక్క పడ్డట్టు ఉన్నాయి గానీ కిందివి బురదలో కాలేసినట్టున్నాయట. అందుకని కీబోర్డు ఎడమ సగానికి మొదటి పియానో, కుడి సగానికి రెండో పియానో పెట్టి, కుడివైపు పైన పల్చగా హార్మోనియం ఆవాజ్ కూడా కలిపాడు. "దాదాజాన్, ఒక్కసారి వినండి" అని ముందర పెట్టాడు.

మామూజాన్ రాగం ఏదీ వాయించలేదు. కుడి చేతి చూపుడు వేలితో ఎడమ నుంచి ఒక్కో మెట్టూ నొక్కుకుంటూ పోయారు, గోధుమల్లో రాళ్లేరినట్టు. మధ్యలో ఒకచోట ఆగారు. వెనక్కి వచ్చి మళ్లీ నొక్కారు.

"యాఁ జోడ్ హై రే బేటా. సుర్ వోఇచ్ హై, ఆవాజ్ బదల్ గయా."

ఇక్కడ అతుకుంది, సుర్ అదే, ఆవాజ్ మారింది అని. పిల్లగాడి మొహం చిన్నబోయింది. మామూజాన్ చెయ్యి తీసేసి, "అస్లీ సాజ్‌లో జోడ్ ఉండదు బేటా. ఇది నఖ్లీ" అన్నారు.

ఆ మాట నన్ను వదల్లేదు. అస్లీ సాజ్‌లో జోడ్ ఉండదా? హైదరాబాద్ తిరిగొచ్చాక తారీఖ్ తిరగేశాను. దొరికింది మీతో పంచుకుంటున్నాను. మామూజాన్‌కు జవాబు ఇవ్వడానికి కాదు, ఆయన వేలు ఆగిన చోటు ఎంత పాతదో చెప్పడానికి.

అస్లీ పియానోలోనే ఉన్న అతుకు

ముందు పియానోనే చూద్దాం. ఇటలీలోని ఫ్లారెన్స్‌లో బార్తొలొమేయో క్రిస్తోఫోరి అనే కారీగర్ 1700 నాటికి దీన్ని తయారు చేశాడు. అంతకుముందున్న హార్ప్సికార్డ్‌లో తీగను మీటేవారు. అక్కడ మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా దాదాపు ఒకే మోత. క్రిస్తోఫోరి చిన్న సుత్తెతో తీగను కొట్టించాడు. వేలి జోరును బట్టి ఆవాజ్ పెరగడం, తగ్గడం అప్పుడు మొదలైంది. ఆయన 1720లో చేసిన ఒక పియానో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో నేటికీ ఉంది.

ఇప్పటి పెద్ద పియానోలో 88 మెట్లు, సుమారు 230 తీగలు ఉంటాయి. ఈ లెక్కలోనే రాజ్ ఉంది. ఎడమ చివర కింది సుర్లకు మెట్టుకు ఒక్క తీగే. అది ఉక్కు తీగ మీద రాగి చుట్టిన లావుపాటి తీగ. కొంచెం పైకి వస్తే మెట్టుకు రెండు. ఇంకా పైకి పోతే మెట్టుకు మూడేసి, రాగి చుట్టని వట్టి ఉక్కు తీగలు. రాగి తీగలు అయిపోయి ఉక్కు తీగలు మొదలయ్యే జాగా ఒకటి ప్రతి పియానోలోనూ ఉంటుంది. అక్కడ ఆవాజ్ తబియత్ మారుతుంది. 1859లో న్యూయార్క్‌లో హెన్రీ స్టైన్‌వే జూనియర్ గ్రాండ్ పియానోలో కింది తీగలను పై తీగల మీదుగా ఐమూలగా పోయేలా అమర్చి పేటెంట్ తీసుకున్నాడు. అప్పటి నుంచి ఈ రెండు గుంపులు ఒకదాని మీద ఒకటి, రెండు వేర్వేరు వంతెనల మీద కూర్చుంటున్నాయి.

అంటే అస్లీ పియానో కూడా ఒకే ముక్క కాదు. రెండు మూడు తబియత్‌ల తీగలను ఒకే పలక కింద కలిపిన సాజ్ అది. మంచి కారీగర్ హునర్ అంతా ఆ జోడ్ చెవికి తెలియకుండా చేయడంలోనే ఉంది. సుత్తెల ఉన్నిని సూదితో గుచ్చి మెత్తబరచి, తీగ మందం లెక్క మార్చి, బిగింపు సరిచూసి ఆ మలుపును నున్నగా చేస్తారు. చౌక పియానోల్లో ఆ చోటు చెవికి ఇట్టే దొరుకుతుంది.

ఇస్కందరియా, బగ్దాద్, ఇష్బీలియా

పియానోకంటే ముందు మెట్ల సాజ్ అంటే అర్గనూన్, అదే ఆర్గన్. దాని మొదలు ఇస్కందరియాలో ఉంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అక్కడ క్టెసీబియస్ అనే ఇంజనీర్ నీటి బరువుతో గాలిని నిలకడగా తోసి గొట్టాలను పలికించాడు. ఆ తర్వాత తొమ్మిదో శతాబ్దంలో బగ్దాద్‌లో బనూ మూసా అనే ముగ్గురు అన్నదమ్ములు తనంతట తానే వాయించుకునే సాజ్ గురించి రాశారు. నీటితో తిరిగే ఒక బొంగు, దాని మీద మేకులు. మేకు తగిలినప్పుడల్లా పిల్లంగోవి రంధ్రం తెరుచుకుంటుంది. మేకుల జాగా మారిస్తే పాట మారుతుంది. వేలితో కాకుండా ముందే రాసిపెట్టిన హుకుంతో సాజ్ పలకడం అంటే ఇదే. నేటి కంప్యూటర్ సంగీతానికి ఈ ఖయాల్ తాత అవుతుంది.

మా పిల్లగాడు చేసిన పనికి మాత్రం సూటిగా తాత ఎవరంటే స్పెయిన్ ఆర్గన్. యూరప్‌లో పెద్ద ఆర్గన్లకు రెండు మూడు మెట్ల వరుసలు ఉండేవి, ఒక్కోదానికి ఒక్కో ఆవాజ్. కుడి చేత్తో ఒక వరుస మీద పాట, ఎడమ చేత్తో ఇంకో వరుస మీద తోడు సుర్. స్పెయిన్‌లో చాలా చర్చిల ఆర్గన్లకు ఒకటే వరుస. పదహారో శతాబ్దంలో అక్కడి కారీగర్లు ఒక ఉపాయం కనిపెట్టారు. ఒకే మెట్ల వరుసను మధ్యలో రెండుగా చీల్చి, ఎడమ సగానికి ఒక ఆవాజ్, కుడి సగానికి ఇంకో ఆవాజ్ ఇచ్చారు. దానికి 'మేదియో రెహిస్త్రో', అంటే సగం ఆవాజ్, అని పేరు. మధ్య 'సి' మెట్టుకూ దాని పక్క నల్ల మెట్టుకూ మధ్యన సరహద్ గీశారు. నేటి కీబోర్డుల మీద 'స్ప్లిట్' అని రాసి ఉండే బటన్ చేసే పని అచ్చం ఇదే.

ఈ చీలిన మెట్లపలక కోసమే పాటలు కట్టిన ఉస్తాదుల్లో ఫ్రాన్సిస్కో కొర్రేయా దె అరౌక్సో ఒకరు. ఆయన సెవిల్లాలో సాన్ సాల్వదోర్ చర్చి ఆర్గన్ వాయించేవాడు. 1626లో ఆయన కితాబ్ అచ్చయింది. సెవిల్లా అంటే మన తారీఖ్‌లో ఇష్బీలియా. ఆ సాన్ సాల్వదోర్ ఉన్న జాగా ఒకప్పుడు ఇబ్న్ అదబ్బాస్ మస్జిద్ ఉన్న జాగా. ఒకే నేల మీద రెండు జమానాలు. జోడ్‌ల గురించి వెతుకుతూ పోయిన నాకు ఆ సంగతి చదివి కాసేపు మాట రాలేదు.

ప్యారిస్ నుంచి కలకత్తా, అక్కడి నుంచి మన గడప

హార్మోనియం పుట్టింది ప్యారిస్‌లో. 1842లో అలెగ్జాండర్ దెబైన్ దానికి పేటెంట్ తీసుకున్నాడు. అది నేల మీద నిలబడే సాజ్. కాళ్లతో తొక్కితే గాలి, రెండు చేతులూ మెట్ల మీద. దానిలో కూడా మెట్ల వరుస మధ్యలో చీలి ఉండేది. ఎడమ సగానికి, కుడి సగానికి వేరువేరుగా ఆవాజ్ గుంజుకునే గుబ్బలు ఉండేవి. స్పెయిన్ ఉపాయమే ఇక్కడా బతికింది.

ఈ సాజ్ పందొమ్మిదో శతాబ్దంలో కలకత్తా చేరింది. అక్కడ ద్వారకానాథ్ ఘోష్ లాంటి కారీగర్లు దానికి కాళ్లు తీసేసి, నేల మీద కూర్చుని వాయించుకునే పెట్టెగా మార్చారు. మన దగ్గర గాయకుడు కూర్చునే పాడతాడు కదా. తిత్తి వెనక్కి వచ్చింది, దాన్ని ఊదే పని ఎడమ చేతి మీద పడింది.

ఇక్కడ జరిగిన మార్పును గమనించండి దోస్తో. ఎడమ చెయ్యి ఊపిరికి పోయింది. మెట్ల మీద మిగిలింది ఒక్క కుడి చెయ్యి. ఒక్క చేతికి చీలిన మెట్లపలక ఎందుకు? ప్యారిస్ హార్మోనియంలో ఉన్న స్ప్లిట్ మన పెట్టెలో లేకుండా పోయింది. దాని బదులు మనవాళ్లు ఆవాజ్‌లను పక్కపక్కన కాకుండా ఒకదాని మీద ఒకటి పేర్చారు. మన హార్మోనియంలో రీడ్ల వరుసలకు బాస్, మేల్, ఫిమేల్ అని పేర్లు. ఒకే మెట్టు నొక్కితే మంద్రంలో ఒక రీడ్, దాని పైన ఇంకో రీడ్ కలిసి పలుకుతాయి. కప్లర్ అనే అమరిక ఉంటే ఒక మెట్టు నొక్కినప్పుడు ఇంకో సప్తకంలోని అదే మెట్టు తనంతట తానే కిందికి దిగుతుంది. ఇక గుబ్బ గుంజితే విడవకుండా మోగే సుర్ ఒకటి ఉండనే ఉంది. నేటి కీబోర్డు భాషలో దీనికి 'లేయర్' అని పేరు. ఒక్క చేత్తో వాయించే సాజ్‌కు నిండుదనం తేవడానికి మన కారీగర్లు పట్టుకున్న దారి ఇది.

నాటక కంపెనీల్లో మాత్రం కాళ్ల హార్మోనియం చాలా కాలం బతికింది. 1885లో మొదలైన సురభి మొదలుకుని తెలుగు పద్యనాటకం అంతా హార్మోనియం నీడలోనే పెరిగింది. ఉర్స్‌లో ఖవ్వాలీకి, రంగస్థలం మీద పద్యానికి, పల్లెలో భజనకు ఒకే పెట్టె పనికొచ్చింది. మా మామూజాన్ తన పెట్టెను ఊళ్లో భజన మండలికి ఎన్నోసార్లు అరువిచ్చేవారు. భజన వాళ్లు దాన్ని దండం పెట్టి తీసుకుపోయి, తుడిచి తెచ్చి ఇచ్చేవారు.

నఖ్లీ అనిపించుకున్న హార్మోనియం

ఇప్పుడు మామూజాన్ మాటకు వద్దాం. నఖ్లీ అన్న మాట. ఇదే ఇల్జామ్ ఆయన ప్రాణంలా చూసుకున్న హార్మోనియం మీద కూడా ఒకప్పుడు పడింది.

1930ల చివర ఢిల్లీ ఆలిండియా రేడియోలో పాశ్చాత్య సంగీతం చూసుకునే జాన్ ఫౌల్డ్స్ అనే ఇంగ్లీష్ సంగీతకారుడు హార్మోనియం హిందుస్తానీ సంగీతానికి హాని చేస్తోందని రాశాడు. రవీంద్రనాథ్ టాగోర్‌కు కూడా అది నచ్చేది కాదు. శాంతినికేతన్‌లో దాన్ని రానివ్వలేదని ఆయన రేడియో వాళ్లకు ఉత్తరం రాశారు. 1940 మార్చి 1 నుంచి ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ బందీ 1971 దాకా, అంటే మూడు దశాబ్దాలకు పైగా నడిచింది. తర్వాత కూడా తలుపు పూర్తిగా తెరవలేదు, పక్కవాద్యంగా మాత్రమే మెల్లగా రానిచ్చారు.

వాళ్ల దలీల్ వట్టిది కాదు. గొంతు ఒక సుర్ నుంచి ఇంకో సుర్‌కు జారుతూ పోతుంది, సారంగీ కూడా జారుతుంది. హార్మోనియానికి ఆ మీండ్ రాదు. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఉన్న సన్నని శ్రుతులు దానికి దొరకవు. సప్తకానికి పన్నెండు మెట్లు, అంతే. ప్రతి మెట్టూ ఒక గోడ. కానీ రేడియోలో బందీ నడిచిన ఆ ముప్పై ఏండ్లూ దర్గాల్లో, గుడుల్లో, నాటకాల షామియానాల కింద హార్మోనియం మోగుతూనే ఉంది. విదేశీ అన్న సాజ్, నఖ్లీ అన్న సాజ్ ఇవాళ మనకు తాతల నాటి సాజ్ అయింది. ఏది అస్లీ అనే ఫైసలా దఫ్తర్‌లో కాదు, వాయించే చేతుల్లో అవుతుందని నాకు అనిపించింది.

కరెంటు వచ్చాక

1947లో ఫ్రాన్స్‌లో కాన్స్తాన్ మార్తాన్ క్లావియోలిన్ అనే చిన్న ఎలక్ట్రిక్ కీబోర్డు చేశాడు. అది మన దేశంలో ఇంటింటికీ ఎలా చేరిందో మీకు తెలుసు, పేరు తెలియకపోవచ్చు. 1954లో వచ్చిన 'నాగిన్' సినిమాలో పాముల బీన్ ఆవాజ్ గుర్తుందా? సంగీతం హేమంత్ కుమార్‌ది. ఆ బీన్ అస్లీ బీన్ కాదు. కల్యాణ్‌జీ క్లావియోలిన్ వాయించగా, తర్వాత రోజుల్లో సంగీత దర్శకుడైన రవి హార్మోనియం వాయించి రెండింటినీ కలిపారు. రెండు మెట్ల సాజ్‌లు కలిసి మూడో సాజ్ పుట్టింది. ఆ పాటకు దేశమంతా తల ఊపింది. దాన్ని నఖ్లీ అని ఎవరన్నారు?

1963లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మెల్లోట్రాన్ వచ్చింది. దాంట్లో మెట్టుకు ఒక టేపు ముక్క. మెట్టు నొక్కితే ముందే రికార్డు చేసిన ఆవాజ్ కొన్ని సెకన్లు మోగుతుంది. రెండు మెట్లపలకలు పక్కపక్కనే ఉండేవి. ఎడమవైపు తాళాలూ తోడు వాద్యాలూ, కుడివైపు పాట పలికే ఆవాజ్‌లు. 1980లో క్యాసియో తన మొదటి కీబోర్డు తెచ్చింది. 1983లో మిడి అనే ఒప్పందం కుదిరింది. ఏ కంపెనీ కీబోర్డు అయినా ఏ కంపెనీ యంత్రంతో అయినా మాట్లాడే భాష అది. ప్రతి మెట్టుకు 0 నుంచి 127 దాకా ఒక నంబరు, మధ్య 'సి' మెట్టుకు 60. నొక్కిన జోరుకూ అంతే, 127 దాకా. పదహారు దారులు. ఒక దారిలో పియానో, ఇంకోదాంట్లో వయొలిన్లు, మూడోదాంట్లో బాస్ పంపవచ్చు.

మద్రాసు స్టూడియోల్లో ఇది మన తెలుగు పాటను కూడా మార్చింది. రాజ్–కోటి దగ్గర కీబోర్డు వాయించిన కుర్రాళ్లలో ఒకరు తర్వాత ఏ.ఆర్. రహమాన్‌గా దేశానికి తెలిశారు. తొమ్మిదేండ్ల వయసులో తండ్రిని పోగొట్టుకుని, ఆయన సాజ్‌లను కిరాయికి ఇచ్చి ఇల్లు గడుపుకున్న కుటుంబం వాళ్లది. 1992లో 'రోజా' వచ్చాక మిగతాది అందరికీ తెలిసిన తారీఖే.

1996లో స్టైన్‌బర్గ్ కంపెనీ కంప్యూటర్‌లోనే హంగులు నడిపే వీఎస్‌టీ పద్ధతి తెచ్చింది, సాజ్‌లు దానిలోకి తర్వాత వచ్చాయి. 1998లో గిగాశాంప్లర్ వచ్చింది. పియానో ఆవాజ్‌లను హార్డ్ డిస్క్ నుంచే అప్పటికప్పుడు లాగి వినిపించడం దానితో సాధ్యమైంది. ఇక 2006లో ఫ్రాన్స్‌లోని తులూజ్ నుంచి పియానోటెక్ వచ్చింది. దాంట్లో రికార్డు చేసిన ఆవాజ్‌లే లేవు. తీగ, సుత్తె, పలక ఎలా కదులుతాయో లెక్క కట్టి అప్పటికప్పుడు ఆవాజ్ పుట్టిస్తుంది. దాన్ని మొదలుపెట్టిన ఫిలిప్ గియోమ్ గణితం తెలిసినవాడు, అంతకుముందు పియానోలు శ్రుతి చేసినవాడు. అంటే జోడ్ ఎక్కడుందో వేలితో తడిమిన మనిషే.

జోడ్‌ను ఎలా దాచాలి

ఇదంతా చదివి మళ్లీ పెద్దకొడప్‌గల్ వెళ్లాను. రెండు రోజులు పిల్లగాడూ నేనూ కూర్చున్నాం. మామూజాన్ ముందు దూరంగా మంచం మీద కూర్చున్నారు. తర్వాత మంచం దగ్గరికి జరిగింది. ఇంట్లో పిల్లలకు కీబోర్డు ఉన్నవాళ్లకు పనికొస్తుందని మేం నేర్చుకున్నది రాస్తున్నాను.

మొదటిది శ్రుతి. పియానో తీగ గట్టిది కాబట్టి దాని పై సుర్లు లెక్క ప్రకారం ఉండాల్సిన చోటుకంటే రవ్వంత ఎక్కువ పలుకుతాయి. అందుకని శ్రుతి చేసేవాళ్లు సప్తకాన్ని కొంచెం సాగదీస్తారు. ఏ పియానోకు ఎంత సాగుడు అన్నది దాని తీగల పొడవును బట్టి ఉంటుంది. రెండు వేర్వేరు పియానోలను కలిపితే రెండు సాగుళ్లు ఒకచోట ఢీకొంటాయి. ముందు సరహద్ దగ్గరి మెట్లను రెండు వైపులా నొక్కి, ఒకదాని శ్రుతిని రెండోదానికి సరిపెట్టాలి.

రెండోది జోరు. ఒకే బలంతో నొక్కితే ఒక పియానో అరుస్తుంది, ఇంకోటి గొణుగుతుంది. మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా మూడు విధాలా నొక్కి చూసి సమానం చేయాలి. మెల్లగా నొక్కినప్పుడు సరిపోయినంత మాత్రాన గట్టిగా నొక్కినప్పుడు సరిపోదు.

మూడోది గది. ఒక పియానోను పెద్ద హాల్లో రికార్డు చేసి ఉంటారు, ఇంకోదాన్ని చిన్న గదిలో. రెండింటి గూంజ్ వేరు. రెండింటిలో ఉన్న గూంజ్ వీలైనంత తగ్గించి, చివర రెండింటికీ కలిపి ఒకే గూంజ్ ఇస్తే రెండూ ఒకే గదిలో కూర్చున్నట్టు ఉంటాయి. కాలి పెడల్ తొక్కితే రెండింటికీ అందాలి, లేకపోతే సగం పాట మోగుతుంది, సగం తెగిపోతుంది.

నాలుగోది సరహద్ గీత. పిల్లగాడు ముందు కత్తితో కోసినట్టు ఒక మెట్టు దగ్గర గీశాడు. దాని బదులు ఐదారు మెట్ల మేర ఒక పియానో మెల్లమెల్లగా తగ్గుతూ, రెండోది మెల్లమెల్లగా పెరిగేలా చేశాం. దీన్ని క్రాస్‌ఫేడ్ అంటారు. అయితే దీనికీ ఒక ఖర్చు ఉంది. ఆ ఐదారు మెట్ల మీద రెండు పియానోలు ఒకేసారి మోగుతాయి, శ్రుతి వెంట్రుకంత తేడా ఉన్నా ఆవాజ్ వణుకుతుంది. అందుకే శ్రుతి పని ముందు, క్రాస్‌ఫేడ్ తర్వాత.

ఐదోది మేం చెప్పుకున్నది కాదు, మామూజాన్ చెప్పింది. అప్పటిదాకా ఏమీ మాట్లాడని ఆయన, "గీత ఎక్కడ గీయాలో యంత్రాన్ని అడుగుతారేంది? పాటను అడగండి" అన్నారు. ఏ సుర్ మీద పాట నిలబడుతుందో అక్కడ జోడ్ పెట్టొద్దు, పాట దాటిపోయే చోట పెట్టు అని ఆయన మాటకు అర్థం. ఒక పాటకు పెట్టిన గీత ఇంకో పాటకు పనికిరాదు. యాభై ఏండ్ల వాయింపు ఆ ఒక్క ముక్కలో ఉంది.

గీతల మధ్య ఊరు

ఆ రాత్రి నేను మా ఊరి గురించి ఆలోచించాను. మా పక్కనున్న బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లు 1956 దాకా నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలో ఉండేవి. ఆ ఏడు నవంబర్ 1న నిజాం నాటి హైదరాబాద్ రాష్ట్రాన్ని జబాన్ ప్రకారం మూడు ముక్కలు చేశారు. మరాఠీ జిల్లాలు బొంబాయి వైపు, కన్నడ జిల్లాలు మైసూర్ వైపు, తెలుగువి ఆంధ్రప్రదేశ్‌లోకి. ఆ రెండు సర్కిళ్లూ ఇటు వచ్చాయి, దెగ్లూర్ అటే ఉండిపోయింది. 2014లో ఇంకో గీత పడింది. 2016లో నిజామాబాద్ నుంచి విడిపోయి కామారెడ్డి జిల్లా అయింది. గీతలు మారాయి గానీ దెగ్లూర్‌లో ఉన్న మా రిష్తేదార్లు మారలేదు, సంత మారలేదు, ఉర్స్ మారలేదు.

మా నోటి మాటలో కూడా గీత ఎక్కడుందో చెప్పండి చూద్దాం. మామూజాన్ "వోఇచ్" అన్నారు. ఆ చివరి 'చ్' మరాఠీ నుంచి దఖ్నీలోకి వచ్చింది. మేం "నక్కో" అంటాం, అదీ మరాఠీదే. ఇదంతా నేను మీకు తెలుగులో, తెలుగు లిపిలో రాస్తున్నాను. ఢిల్లీ, లఖ్‌నవూ వాళ్లు దఖ్నీని నఖ్లీ ఉర్దూ అని నవ్వేవారు. మాకది అమ్మీ జబాన్. జోడ్ ఉన్నంత మాత్రాన నఖ్లీ అయితే మేమంతా నఖ్లీయే.

పొద్దున ఈ మాట మామూజాన్‌తో అన్నాను. ఆయన నవ్వలేదు. కాసేపు ఖామోష్‌గా కూర్చుని, "ఆ పెట్టె దించు" అన్నారు.

ఏండ్ల తర్వాత చాదర్ విప్పాం. పిల్లగాడు మైకు పెట్టాడు. పగలంతా నాందేడ్ రోడ్డు మీది లారీల చప్పుడు, అందుకని ఇషా తర్వాత మొదలుపెట్టాం. పోతా తిత్తి ఊదాడు, దాదా కుడి చేత్తో ఒక్కో మెట్టూ నొక్కి పట్టుకున్నారు. మెల్లగా ఊదినప్పుడు ఒకసారి, గట్టిగా ఊదినప్పుడు ఇంకోసారి. ఒక మెట్టు పలకలేదు, దాని రీడ్ చచ్చిపోయింది. పిల్లగాడు పక్క మెట్టు ఆవాజ్‌ను కొంచెం సాగదీసి ఆ ఖాళీ నింపాడు. పేరున్న పియానో ఆవాజ్‌ల సెట్లలో కూడా ప్రతి మెట్టునూ రికార్డు చేయరు. మూడు మెట్లకొకటి చేసి మధ్యవి ఇట్లాగే నింపేవి ఉన్నాయి.

రెండు రోజుల్లో ఆ ఆవాజ్‌లన్నీ కీబోర్డులోకి ఎక్కాయి. కిందివైపు పియానో, పైవైపు మామూజాన్ సొంత పెట్టె, అడుగున విడవకుండా మోగే ఒక సుర్. తిత్తి అక్కర్లేదు. ఊపిరి లాప్‌టాప్‌ది, వేళ్లు ఆయనవి. మన హార్మోనియం మొదటి నుంచీ అడిగింది కుడి చేతి వేళ్లనే కదా.

మామూజాన్ వాయించారు. చాలాసేపు వాయించారు. వంటింట్లో నుంచి మామీజాన్ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. ఒకచోట ఆయన వేలు ఆగింది. పలకని రీడ్ బదులు నింపిన మెట్టు అది. వెనక్కి వచ్చి మళ్లీ నొక్కారు. పిల్లగాడు నా వైపు చూశాడు.

"యాఁ బీ జోడ్ హై" అన్నారు మామూజాన్.

"మార్చనా దాదాజాన్?"

"నక్కో. రహనే దే" అని ఆ సుర్ మీదుగానే పాటను ముందుకు తీసుకుపోయారు.